చిత్తడి నేల ఒడ్డున అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన కబురు అందేసరికి నేను మహబూబాబాద్‌లో, మా కాలేజీ ప్రయోగశాలలో ఉన్నాను. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు నాచు ఆకును గాజు పలక మీద ఎలా పరచాలో చూపిస్తున్నాను. భూపాలపల్లి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి, అరుగు మీద కూసున్నది కూసున్నట్టే ఒరిగిందట. నేను ఊరికి పోతున్న. నువ్వు నిమ్మళంగ రా," అన్నాడు. ఎదురుగా పిల్లలు చేతుల్లో పలకలు పట్టుకుని నిలబడి ఉన్నారు. గాలి బుడగ రాకుండా పైన సన్నటి గాజు బిళ్లను ఎలా దించాలో ఆ ఒక్క ముక్కా చెప్పి, చేతులు కడుక్కుని బయలుదేరాను. ఆమె ఉన్నా అదే చెయ్యమనేది. "చేతిల పని సగంల ఇడిసి ఉరుకకు బిడ్డా. ఉరికినా పోయేది పోనే పోతది, పని గూడ ఆగమైతది," అనేది.

మొగుళ్లపల్లి చేరేసరికి వాకిలి నిండా మనుషులు. అంగన్‌వాడీలో ఆమె చేతి అన్నం తిని పెరిగినవాళ్లు తమ పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చారు. నేను మనుషుల మధ్య నుంచి లోపలికి వెళుతుంటే ఒక ముసలమ్మ పక్కనున్నామెను మెల్లగా అడిగింది.

"గీమెనా గడ్డి డాక్టరు?"

"గీమెనే. కోడలు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వు వెంటే ఏడుపు వచ్చింది. ఆ పేరు నాకు పెట్టింది మా అత్తమ్మే. ఎక్కడ, ఎందుకు పెట్టిందో చెబితే ఆమె ఎలాంటి మనిషో మీకు కొంత తెలుస్తుంది.

నేను పుట్టింది బచ్చన్నపేట దగ్గర. మాది పత్తి పండే మెట్ట నేల. చెరువు నిండిన ఏడు ఊరికి ధైర్యం, నిండని ఏడు బోర్ల మీద ఆశ. అలాంటి ఊరి పిల్ల వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరి, హిమాలయాల్లోని ఒక చిత్తడి నేలను ఎంచుకుంది. మా బాపు చాలా రోజులు నమ్మలేదు. "నీళ్లు నిలిచే జాగ సూడనీకి గంత దూరం పోవాల్నా?" అని అడిగాడు. ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది.

ఆ చోటు ఉత్తరాఖండ్ కొండల్లో, చెట్లు మొలవడం ఆగిపోయే ఎత్తుకు కాస్త పైన ఉంటుంది. చుట్టూ రాళ్ల వాలు, మధ్యలో పళ్లెంలాంటి పల్లం. మంచు కరిగిన నీళ్లు ఆ పల్లంలోకి చేరి, పోవడానికి దారి లేక నిలిచిపోతాయి. అడుగున ఏళ్ల తరబడి నాచు పేరుకుని మెత్తటి పరుపులా తయారైంది. కాలు పెడితే నేల ఊగుతుంది. ఏడాదిలో చాలా నెలలు అది మంచు కిందే ఉంటుంది. వానాకాలంలో కొద్ది వారాలు మాత్రం పూస్తుంది. మొలవడం, పూయడం, గింజ కట్టడం అన్నీ ఆ కొద్ది వారాల్లోనే అయిపోవాలి. పచ్చవి, తెల్లవి, ఊదావి, చీలమండ దాటని ఎత్తులో, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పూస్తాయి. వాటిల్లో గులాబీ రంగు పువ్వు ఒకటి ఉంది. దాని పై రెక్క సన్నగా సాగి, ముందుకు వంగి ఉంటుంది. ఆ పువ్వు మీద ఏ తుమ్మెద వాలుతుంది, ఎప్పుడు వాలుతుంది, అది రాకపోతే గింజ కడుతుందా లేదా అన్నదే నా పరిశోధన. ఒక వానాకాలం చూసి వచ్చాను. రెండో వానాకాలం కూడా చూస్తేనే నేను చెప్పే మాట నిలబడుతుంది. ఆ రెండో వానాకాలం వచ్చేసరికి మా పాపకు ఏడో నెల.

మా గైడు మంచివాడే. "ఈసారి నువ్వు వెళ్లొద్దమ్మా. కొత్తగా చేరిన అబ్బాయిని పంపిద్దాం. మిగతా సగం అతను చేస్తాడు. ఇద్దరి పేర్లూ వస్తాయి," అన్నాడు. తరువాతి ఏడు చూద్దామంటే ఆ ప్రాజెక్టే ఉండదు. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ పువ్వు గురించి మొదట ప్రశ్న వేసుకున్నది నేను. జవాబు ఇంకొకరు చూసి వచ్చి నాకు చెప్పడం అన్న ఊహ నాకు మింగుడు పడలేదు.

ఆ ఆదివారం మొగుళ్లపల్లిలో మా అత్తగారింట్లో ఈ సంగతి మాట్లాడుకున్నాం. మా ఆయనకు బొగ్గుగని దగ్గర కొలువు, అన్ని రోజుల సెలవు దొరకదు. మా అమ్మకు మోకాళ్లు సహకరించవు. మా ఆడబిడ్డ మనసులో ఏదీ దాచుకోదు.

"పాలు తాగే పిల్లను ఇడిసిపెట్టి గడ్డి సూడనీకి పోతదా? నలుగురు ఇంటె నవ్వుతరు," అంది.

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. వెళ్లనులే అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మా అత్తమ్మ అప్పటిదాకా మూలన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాట పక్కన పెట్టింది.

"ఇడిసిపెట్టి ఎందుకు పోతది? ఎత్తుకొని పోతది. ఎత్తుకోనీకి నేనొస్త."

"నువ్వా?" అంది ఆడబిడ్డ. "వరంగల్ దాటినవా నువ్వు ఎన్నడన్న?"

"ఇప్పుడు దాటుత," అని మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది.

అంతటితో మాట అయిపోయింది. మామయ్య పోయిన తరువాత ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. మరుసటి రోజు ముగ్గురం వరంగల్ వెళ్లి పిల్లల డాక్టరమ్మను కలిశాం. ఒక్కసారిగా ఎత్తు ఎక్కకుండా ఆగుతూ ఆగుతూ వెళ్లమని, రాత్రిళ్లు కింద ఊళ్లోనే పడుకోమని, పిల్ల ఊపిరి కష్టంగా తీసినా, పాలు తాగకపోయినా ఆ క్షణమే కిందికి దిగమని ఆమె చెప్పింది. అత్తమ్మ ఒక్కో మాటకూ తల ఊపి, బయటికి రాగానే అన్నీ నాకు వరుసగా అప్పజెప్పింది. నేను ఒకటి మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు.

కాజీపేటలో రైలెక్కాం. ఆమె సంచిలో రాగి పిండి, ఉగ్గుగిన్నె, సకినాల డబ్బా, ఎల్లిపాయ కారం, పాప గుడ్డలు. తన చీరలు రెండే. మా ఎదురు సీట్లలో చంటిపిల్లతో కోస్తా వైపు కుటుంబం ఒకటి ఉంది. వాళ్లింటి పెద్దావిడ కాసేపు అత్తమ్మ మాట విని, నవ్వుతూ, "మీ తెలుగు కొంచెం వేరుగా ఉందండీ, మీదే ఊరు?" అని అడిగింది. యూనివర్సిటీలో అలాంటి ప్రశ్న ఎదురైతే నేను వెంటనే నా మాట మార్చుకునేదాన్ని. అత్తమ్మ మార్చుకోలేదు. "మాది మొగుళ్లపల్లి. మీ తెలుగు గూడ జర వేరేనే ఉన్నదమ్మా. మంచిగనే ఉన్నది," అని ఆమె చేతిలో రెండు సకినాలు పెట్టింది. ఢిల్లీ చేరేదాకా ఆ ఇద్దరూ ఒకరి పిల్లను ఒకరు ఆడిస్తూనే ఉన్నారు.

కొండల్లో నాకన్నా ఆమెకే మాట బాగా సాగింది. నాది పుస్తకాల హిందీ. ఆమెది మొగుళ్లపల్లి పక్కింటి హిందీ. పక్కింట్లో గాజులమ్మే ముస్లిం ఇల్లాలు ఉండేది. అత్తమ్మ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగులో అబ్బిన ఆ భాషతోనే మేం దిగిన ఇంటామెను పలకరించింది. "బచ్చీకు ఠండ్ లగ్‌రీ, జర గరం పానీ దేవ్ బెహన్." పాపకు చలేస్తోంది, కొంచెం వేడినీళ్లివ్వమని. ఇంటామె ముందు పకపకా నవ్వింది. తరువాత వేడినీళ్లతోపాటు తన ఉన్ని శాలువా కూడా తెచ్చింది. కొండ ఆడవాళ్లలా పిల్లను వీపున ఎలా కట్టుకోవాలో ఆమే నేర్పింది. మొదటిసారి కట్టుకున్నప్పుడు అత్తమ్మ వంగి, లేచి, నాలుగడుగులు వేసి చూసుకుని, "మనోళ్లకెవ్వలకు తెల్వదు గిది. నడుముకు సుకం," అంది.

ఊరి నుంచి చిత్తడి నేలకు పొద్దున్నే ఎక్కేవాళ్లం. అత్తమ్మ కాళ్లకు అక్కడ కొన్న కాన్వాసు బూట్లు, చీర మీద మా ఆయన స్వెటర్, చెవులు కప్పుతూ తువ్వాల. వీపున పాప. మొదటి రోజు తలనొప్పితో ఆమె ముఖం వాడిపోయింది. దిగిపోదామా అంటే, "కూసుంట. తగ్గుతది. నువ్వు పో," అంది. నిజంగానే కూర్చుని, తగ్గించుకుని, మళ్లీ నడిచింది.

చిత్తడి అంచున గొర్రెల కాపరులు కట్టుకున్న రాతి కొట్టం ఒకటి ఉంది. దాని దూలానికి పాప గుడ్డల్లోని పాత చీరతో అత్తమ్మ తొట్టెల కట్టింది. నేను తడి నేలలో రాళ్ల మీదుగా అడుగులు వేసుకుంటూ లోపలికి పోయి, గులాబీ పువ్వుల ముందు చాప పరుచుకుని కూర్చునేదాన్ని. పాపకు పాలవేళ కాగానే అత్తమ్మ కొట్టం ముందుకు వచ్చి చేత్తో తువ్వాల ఊపేది. నేను లేచి వెళ్లేదాన్ని. పాలిస్తున్నంత సేపూ నా పని గురించి ఒక్క మాటా అడిగేది కాదు. పాప నోరు తుడిచి, "ఇగ పో," అనేది. ఒకసారి నేను అక్కడే కూర్చుని పాపను చూస్తూ ఆలస్యం చేస్తే, "పనికొచ్చినోళ్లు పనికాడ ఉండాలె. మనసు ఇక్కడ, మనిషి అక్కడ అయితె రెండు ఆగమైతయి," అని నన్ను లేపింది.

ఊళ్లో నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు ఆమెను అడిగారట, మీ కోడలు రోజంతా ఆ పైన ఏం చేస్తుందని. ఆమె ఆలోచించి చెప్పిందట, "మేరీ బహూ ఘాస్ కీ డాక్టర్." నా కోడలు గడ్డి డాక్టరు అని. నాకు ఆ సంగతి తెలియదు. రెండు రోజుల తరువాత ఒక ముసలాయన ఆవును తోలుకుని వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆవు మేత ముట్టడం లేదు, చూడమన్నాడు. నేను ఆ డాక్టరును కానని చెప్పలేక తంటాలు పడుతుంటే, ఇంటామె బయటికి వచ్చి ఆయన్ను బజారులోని పశువుల దవాఖానకు పంపింది. ఆయన వెళ్లాక నేను కోపంగానే అడిగాను.

"ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా గట్ల?"

"తప్పేమున్నది? గడ్డి గురించి సదువుతలేవా?"

"చదువుతున్న గానీ, ఆవుకు వైద్యం చేస్తనా?"

"గడ్డి తింటలేదంటె గడ్డి డాక్టరు కాడికే గద వస్తరు," అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆవు పోయిన వైపే చూస్తోంది. దానికి ఏమైందోనన్న దిగులు మాత్రం ఉంది.

తరువాతి వారం వాన పట్టుకుంది. గులాబీ మొగ్గలు ముదిరి, రేపో మాపో పూర్తిగా విచ్చుకునేలా ఉన్నాయి. నేను ఇంతదూరం వచ్చింది ఆ రోజుల కోసమే. సరిగ్గా అప్పుడే పాపకు జలుబు చేసి ఒళ్లు కాలింది. అత్తమ్మ నన్ను అడగలేదు. మూట కట్టి, ఇంటామెతో చెప్పి, జీపు మాట్లాడించి, మమ్మల్ని కింద బజారు ఊరికి దించింది. అక్కడి దవాఖానలో డాక్టరు చూసి, మామూలు జలుబే, భయం లేదు, అయితే నాలుగు రోజులు కిందే ఉంచండి అన్నాడు. ఇంటామె చుట్టాల దుకాణం పైన గది దొరికింది. మర్నాటికి జ్వరం తగ్గింది. పాప నవ్వడం మొదలుపెట్టింది. నేను బట్టలు సర్దుతున్నాను.

"ఏం చేస్తున్నవ్?" అంది అత్తమ్మ.

"ఇంటికి పోదాం అత్తమ్మా. ఈసారికి చాలు."

"పువ్వు విప్పిందా?"

"ఈ రెండు మూడు రోజులల్ల విప్పుతది. పాపను పైకి తీసుకపోవద్దన్నడు గద."

"పిల్లను వద్దన్నడు. నిన్ను వద్దన్లేదు."

ఆమె మంచం మీద పాపను పడుకోబెట్టి దిండు అడ్డం పెట్టింది.

"పాలు పిండి పెట్టి పో. డబ్బా పాలు గూడ పట్టొచ్చని డాక్టరు చెప్పిండు. రాగి జావ ఉన్నది. నేనున్న."

"పాప నన్ను వెతుకుతది అత్తమ్మా."

"ఎతుకుతది. ఎతకదని నేను చెప్తలేను."

కింద దుకాణంలో ఎవరో సామాను దించుతున్న చప్పుడు. అప్పుడు ఆమె నాతో అంతకుముందెప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. గొంతు పెంచలేదు, కళ్లు తుడుచుకోలేదు.

"అప్పుడు మీ ఆయన నెలల పిల్లగాడు. అంగన్‌వాడి టీచరు కొలువుకు నా పేరొచ్చింది. మా గల్లీల ఏడు దాక సదివిన ఆడిది నేనొక్కదాన్నే. టిరేనింగు వరంగల్ల. పిల్లగాన్ని సూసుకోనీకి ఎవలన్న నా ఎంబడి వస్తరా అని గడపగడప తిరిగిన. మా అత్తను అడిగిన, మా అమ్మను అడిగిన. ఎవ్వలు రాలే. కొలువు ఇంకొకామెకు పోయింది. నేను ఆయమ్మనైన. దాంతోని నాకేం నామోషి లేదు, పిల్లలకు వండి పెట్టిన, మంచిగనే బతికిన. గానీ ఎవలన్న ఒక్కలు వస్తె ఎట్లుండునో అని ఇప్పటికీ అనుకుంట." పాప వైపు చూసింది. "నాకు ఎవ్వలు రాలే. గందుకే నేనొచ్చిన. ఇగ లే. జీపు పోతది."

నేను వెళ్లాను.

మరునాడు మబ్బు విడిపోయింది. చిత్తడి అంతా ఒకేసారి విచ్చుకున్నట్టుగా ఉంది. నీటి చాళ్ల వెంబడి పసుపు పచ్చని గిన్నెల్లాంటి పువ్వులు, వాటి వెనక తెల్లవి, ఎక్కడ చూసినా నా గులాబీ పువ్వులు. తడి నాచు మీద ఎండ పడి సన్నగా ఆవిరి లేస్తోంది. బొచ్చు తుమ్మెద ఒకటి వచ్చి వంకర రెక్కను కౌగిలించుకున్నట్టు పట్టుకుని, రెక్కలు ఆడిస్తూ పుప్పొడి రాల్చుకుంది. తరువాత ఇంకొకటి. ఆ రోజూ మర్నాడూ నేను చూసినదాని మీదే నా థీసిస్ నిలబడింది. చూస్తున్నంత సేపూ నా రొమ్ములు పాలతో బిగిసి నొప్పి పెట్టేవి. ఆపుకోలేనప్పుడు కొట్టంలోకి వెళ్లి, ఖాళీ తొట్టెల పక్కన కూర్చుని, రాతి నేల మీదికి పాలు పిండేసి, ముఖం కడుక్కుని మళ్లీ పువ్వుల దగ్గరికి వెళ్లేదాన్ని. చదువులో కష్టం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు గుర్తొచ్చేది అదే. కానీ ఆ కష్టం నాకు చేదుగా గుర్తు లేదు. కింద ఒకరు నా కోసం నిలబడి ఉన్నారన్న బలం దాని వెనక ఉంది.

మూడో రోజు బజారు ఊళ్లో జీపు దిగేసరికి అత్తమ్మ దుకాణం మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో పాప, చేతిలో ఉగ్గుగిన్నె, చుట్టూ బజారు ఆడవాళ్లు నలుగురు. నన్ను చూసి పాప చేతులు చాచింది. అత్తమ్మ వెంటనే ఇవ్వలేదు. ముందు నా ముఖం చూసింది.

"అయ్యిందా?"

"అయ్యింది అత్తమ్మా."

అప్పుడు పాపను నా చేతుల్లో పెట్టింది. రాత్రి ఏడ్చిందా అని అడిగాను. "ఏడ్సింది. తల్లివి గద, ఏడ్వకుంటె ఎట్ల? ఏడ్సి, జావ తాగి, పండుకున్నది," అంది. ఏడవలేదని అబద్ధం చెప్పి నన్ను ఊరుకోబెట్టే మనిషి కాదు ఆమె. అందుకే ఆమె బాగుందంటే నేను నమ్మేదాన్ని.

పాపను మళ్లీ పై ఊరికి తీసుకెళ్లడానికి డాక్టరు ఒప్పుకున్నాడు గనుక, తిరుగు ప్రయాణానికి ముందు పాపను ఇంటామెకు అప్పజెప్పి, కొట్టంలో ఉన్న నా సామాను తెచ్చుకోవడానికి ఇద్దరం చిత్తడికి వెళ్లాం. అన్ని రోజులూ ఒడ్డునే ఉన్న మనిషిని ఆ రోజు చెయ్యి పట్టుకుని రాళ్ల మీదుగా లోపలికి తీసుకువెళ్లాను. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, అడుగు తప్పితే ఏ మొక్క నలుగుతుందోనని ఒక్కో రాయీ చూసుకుంటూ వచ్చింది. గులాబీ పువ్వు ముందు కూర్చుని వంగి చూసింది.

"వినాయకుని తొండం లెక్క ఉన్నది."

కాసేపటికి తుమ్మెద వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. అది వెళ్లిపోయాక, "గీ తుమ్మెద కోసమేనా గిదంత?" అని అడిగింది. అవునన్నాను. ఇంత చిన్న సంగతి కోసమా ఇంత దూరం అనుకుంటుందేమోనని ఆమె ముఖం వైపు చూశాను. ఆమె చుట్టూ ఒకసారి చూసింది. కొండలు, నీళ్లు, మనిషి జాడలేని ఆ పచ్చదనం.

"మంచి పని," అంది. "ఎవలో ఒకలు సూడాలె గద."

నా థీసిస్ పరీక్షకు అత్తమ్మ హైదరాబాద్ వచ్చింది. పెట్టె అడుగున దాచుకున్న నేత చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. ప్రశ్నలన్నీ అయ్యాక, బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ ఒకాయన, అంత ఎత్తులో చంటిబిడ్డతో ఇదంతా ఎలా చేశావమ్మా అని అడిగాడు. నేను ఆమె వైపు చెయ్యి చూపించాను. అందరూ తిరిగి చూశారు. ఆమె లేచి నిలబడింది.

"నేనేం చెయ్యలే సారూ. పిల్లను ఎత్తుకున్న, గంతే. పని కోడలు చేసింది."

ఆ యాసకు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అటు చూసి తానూ నవ్వి కూర్చుంది. ఆ ప్రొఫెసర్ మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, చేతులు జోడించి ఆమెకు నమస్కారం పెట్టాడు. బయటికి వచ్చాక నన్ను అడిగింది.

"ఇగ నిజంగ డాక్టరేనా?"

"నిజంగనే."

"సూది ఎయ్యవు గద?"

"వెయ్యను."

"గదే మంచిది. పిల్లలు బుగులు పడరు."

నా ముఖం మీద ఆమె నన్ను ఎప్పుడూ పొగడలేదు. పొగిడితే దిష్టి తగులుతుందని ఆమె నమ్మకం. నా వెనక మాత్రం లోటు చెయ్యలేదు. రేగొండ బట్టల దుకాణంలో ఒకసారి యజమాని నన్ను ఎగాదిగా చూసి, "మీరు మొగుళ్లపల్లి ఆయమ్మ కోడలు, గడ్డి డాక్టరు గదా మేడం?" అని కుర్చీ వేయించాడు. బస్సు కండక్టరుకు తెలుసు. పత్తి ఏరేవాళ్లకు తెలుసు. ఒక పువ్వుకూ ఒక తుమ్మెదకూ ఉన్న చుట్టరికం మొగుళ్లపల్లి మండలంలో చాలామందికి తెలుసు. అది నా వ్యాసాలు చదివి తెలుసుకున్నది కాదు.

అంగన్‌వాడీ నుంచి దిగిపోయాక ఆమె కొత్త పని ఒకటి పెట్టుకుంది. ఊళ్లో ఏ కోడలికైనా, ఏ కూతురికైనా పరీక్ష ఉందంటే చాలు, "పిల్లను నేను పట్టుకుంట, నువ్వు పోయి రాయి," అని వెంట వెళ్లేది. పరకాల, వరంగల్, ఎక్కడైనా సరే. పరీక్ష జరిగే చోట గేటు బయట చెట్టు కింద పిల్లను ఆడిస్తూ కూర్చునేది. "పిల్లకు తల్లి కావాలె. తల్లికి పని గూడ కావాలె. మధ్యల ఒక మనిషి నిలబడితె రెండు అయితయి," అనేది. ఆమెను తీసుకువెళ్లిన రోజు వాకిట్లో ఒక నర్సు, ఒక పోలీసు కానిస్టేబులు, ఇద్దరు పంతులమ్మలు ఒకచోట కూర్చుని ఏడ్చారు. ఒకరికొకరు చుట్టాలు కారు. వాళ్ల పిల్లలందరినీ ఎత్తుకున్నది ఒక్కతే. అప్పట్లో గడ్డి సూడనీకి పోతదా అన్న మా ఆడబిడ్డే వాళ్లకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె కూతురు ఇప్పుడు మా కాలేజీలో వృక్షశాస్త్రమే చదువుతోంది.

ఎవరైనా అత్త అన్న మాటను పళ్లు కొరికి పలికితే నేను ఊరుకోలేను. నాకు తెలిసిన అత్త వేరు. నేను ఆమె కోడలినని చెప్పుకోవడంలో ఎప్పుడూ నా గొంతు తగ్గలేదు.

పోయిన వానాకాలంలో మా కాలేజీ పిల్లల్ని రేగొండ అవతల ఒక చెరువు వెనక భాగానికి తీసుకువెళ్లాను. నీళ్లు తీసిన తావులో చిన్న చిన్న తడి మొక్కలు మొలుస్తాయి, వాటిని చూపిద్దామని. అత్తమ్మకు మాట వరసకు చెప్పాను గానీ, మేం చేరేసరికి ఆమె అప్పటికే ఆటోలో వచ్చి కట్ట మీద నిలబడి ఉంది. ఆడపిల్లలు పైజామాలు మోకాళ్ల దాకా మడిచి బురదలోకి దిగారు. ఒకామె దారిన పోతూ, ఏం పోగొట్టుకున్నారమ్మా ఆ పిల్లలు, అంతగా వెతుకుతున్నారు అని అడిగింది. "ఏం పోలే. సదువుకుంటున్నరు," అంది అత్తమ్మ. అంతలో బర్రెల మంద ఒకటి నీళ్లకని కట్ట దిగబోయింది. కాపరి వెనక ఎక్కడో ఉన్నాడు. నేను బురదలోంచి తలెత్తి చూసేసరికి ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ బార్లా చాచి, దారికి అడ్డంగా నిలబడి ఉంది. కర్ర లేదు, అదిలింపు లేదు. బర్రెలు ఆమె ముందు ఆగి, ముట్టెలెత్తి, తోకలు ఆడిస్తూ చూస్తున్నాయి. సన్నగా చినుకు పడుతోంది. ఆమె వెనక, చెరువు పల్లంలో, పిల్లలు ఇంకా వంగి పచ్చికలోకి చూస్తూనే ఉన్నారు.